అమ్మానాన్నలకి ఏ ఆరోగ్య కార్డు వస్తదో చూస్కోండి, అది భరించని ఖర్చుకి కూడా లెక్క వేస్కోండి

పోయిన వానాకాలం మా అమ్మ రాత్రి 11 గంటలప్పుడు బాత్రూమ్ గడప దగ్గర కాలు జారి పడింది, తుంటి ఎముక విరిగింది. నేను హైదరాబాద్‌లో, చెల్లి బెంగళూరులో, తెనాలి దగ్గర ఊళ్ళో నాన్న ఒక్కరే ఉన్నారు. ఎదురింటి పిన్నిగారి అబ్బాయి అప్పటికప్పుడు కారు తీసి దగ్గర్లో ఏ ఆస్పత్రి తెరిచి ఉంటే దానికి తీసుకెళ్ళాడు, ఆ టైంలో ఎవరైనా అదే చేస్తారు. రెండు రోజులు అక్కడే ఉంచాం. స్కానింగులు, రక్త పరీక్షలు, రూము అన్నీ కలిపి 58,000 అయింది, ఆపరేషన్‌కి ఇంకో రెండున్నర లక్షలు చెప్పారు. మూడో రోజు పొద్దున నాకు తట్టింది, వీళ్ళకి బియ్యం కార్డు ఉంది కదా, ఆంధ్రా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించాలి కదా అని. అడిగితే ఆ ఆస్పత్రి అసలు ఆ పథకం జాబితాలోనే లేదు. పథకం హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి, గుంటూరులో ఎముకల ఆపరేషన్ ఈ పథకం కింద చేసే ఆస్పత్రి కనుక్కుని అంబులెన్స్‌లో మార్చాం. అక్కడ ఆపరేషన్‌కి ఒక్క రూపాయి కట్టలేదు. ముందు కట్టిన 58,000 మాత్రం వెనక్కి రాలేదు.

ఇంటికొచ్చాక నాలుగు నెలలు నేను ఒక నోట్‌బుక్‌లో ప్రతి ఖర్చూ రాశాను. వాకరు, కమోడ్ కుర్చీ, పెద్దవాళ్ళ డైపర్లు, కాల్షియం బిళ్ళలు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్ట్‌కి రోజుకి 400, పగలంతా చూస్కునే ఆవిడకి నెలజీతం, చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ కారు కిరాయి. కూడితే లక్ష దాటింది. ఆపరేషన్ ఫ్రీ, ఆపరేషన్ తర్వాత బతుకు ఫ్రీ కాదు. ఈ రెండూ వేరు వేరు ఖర్చులు అని నాకు ముందే తెలిసుంటే ఆ 58,000 మిగిలేది, ఈ లక్షకి కూడా తయారుగా ఉండేవాళ్ళం. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా, మీ ఇంట్లో 60 దాటిన వాళ్ళుంటే ఈ ఆదివారమే పని మొదలుపెట్టండి.

ముందు నాన్న ఏం ఉద్యోగం చేశారో అక్కడ్నించి మొదలు

చాలామంది నేరుగా రేషన్ కార్డు వెతుకుతారు. దానికంటే ముందు, అమ్మ గానీ నాన్న గానీ ఎక్కడ పనిచేసి రిటైరయ్యారు అనేది చూడండి, ఎందుకంటే ఉద్యోగం ద్వారా వచ్చే వైద్య సదుపాయాల్లో కొన్ని నెలనెలా వాడే మందులు కూడా ఇస్తాయి, పేదల పథకాల్లో అది దాదాపు ఉండదు. పెద్దవాళ్ళ విషయంలో ఈ ఒక్క తేడానే చేతి ఖర్చుని సగం మార్చేస్తది.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి సీజీహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడలో వెల్‌నెస్ సెంటర్లున్నాయి, బీపీ, షుగరు మందులు అక్కడే ఇస్తారు. సీజీహెచ్ఎస్ లేని ఊళ్ళో ఉండే పెన్షనర్లకి ఔట్‌పేషెంట్ ఖర్చు కోసం నెలకి 1,000 రూపాయల మెడికల్ అలవెన్స్ ఉంది, అది తీసుకోకుండా ఉన్నవాళ్ళని నేనే ఇద్దర్ని చూశా, పెన్షన్ వచ్చే బ్యాంకు స్లిప్పు తీసి చూడండి ఆ లైను ఉందో లేదో. మిలిటరీ రిటైరైన వాళ్ళకి 2003 నుంచి అలాంటిదే ఈసీహెచ్ఎస్ అనే పథకం ఉంది. రైల్వే వాళ్ళకి వాళ్ళ సొంత ఆస్పత్రులు, రిటైరయ్యాక కూడా నడిచే స్కీమ్ ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకి రెండు రాష్ట్రాల్లోనూ ఈహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది. సింగరేణి రిటైర్డ్ కార్మికులకి వేరే మెడికల్ కార్డు ఉంది, భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తది.

ఎక్కువమందికి తెలియనిది ఈఎస్‌ఐ, అంటే జీతంలో కొంత కట్ చేసి ఇచ్చే కార్మికుల ఆరోగ్య బీమా సంగతి. ప్రైవేటు ఫ్యాక్టరీలోనో, షాపింగ్ మాల్లోనో, సెక్యూరిటీ గార్డుగానో చేసి ఈఎస్‌ఐ కట్ అయినవాళ్ళు, కనీసం 5 ఏళ్ళు ఇన్సూరెన్స్‌లో ఉండి రిటైర్మెంట్ వయసు వచ్చి మానేస్తే, ఏడాదికి 120 రూపాయలు, అంటే నెలకి 10 రూపాయలు కట్టి తనకీ భార్యకీ (లేదా భర్తకీ) ఈఎస్‌ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. డిస్పెన్సరీలో మందులు, ఆస్పత్రిలో చికిత్స రెండూ ఉంటాయి. పాత ఇన్సూరెన్స్ నంబరు, మానేసినప్పటి కాగితం పట్టుకుని బ్రాంచ్ ఆఫీసుకి వెళ్ళాలి. మా బాబాయి నాచారంలో పాతికేళ్ళు పనిచేసి రిటైరైన ఆరేళ్ళకి ఇది తెలుసుకున్నాడు, ఆ ఆరేళ్ళూ షుగరు మందులు బయటే కొన్నాడు.

రేషన్ కార్డు మీద వచ్చేది

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పేర్లు మారినప్పుడల్లా పెద్దవాళ్ళు కంగారుపడతారు, పాత కార్డు చెల్లదేమో అని ఆస్పత్రికే వెళ్ళకుండా కూర్చుంటారు. కార్డు మీద ఏ ఫోటో ఉన్నా పర్లేదు, ఆధార్ నంబరు మీద పేరు ఉందా లేదా అన్నదే లెక్క, ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి కంప్యూటర్లో చూసి చెప్తారు.

తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబర్ 9న 10 లక్షలు చేశారు. ఆంధ్రాలో అదే 2023 డిసెంబర్లో 25 లక్షలకి పెంచారు, అంతకుముందు 2020లోనే ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబాలన్నిట్నీ లోపలికి తెచ్చారు. అంటే ఆంధ్రాలో రేషన్ బియ్యం తీసుకోని మధ్యతరగతి వాళ్ళు కూడా చాలామంది అర్హులే, మాకు రాదులే అని వదిలేస్తున్నారంతే.

ఇక్కడ పెద్దవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి చెప్తా, దీని మీద కాస్త టైం పెట్టండి. అమ్మానాన్నల పేర్లు తరచుగా కొడుకు కార్డులో ఉంటాయి. కొడుక్కి గవర్నమెంట్ ఉద్యోగం వచ్చిందనో, కారు కొన్నాడనో, ఇన్‌కం టాక్స్ కడుతున్నాడనో ఆ కార్డు ఎగిరిపోద్ది, దాంతోపాటు ముసలాళ్ళ అర్హత కూడా పోద్ది, ఆ సంగతి ఆస్పత్రి కౌంటర్ దగ్గరే తెలుస్తది. అలాగే భర్త చనిపోయిన ఆవిడ కూతురి దగ్గరికి వచ్చేస్తే పేరు పాత ఊళ్ళో తీసేసి కొత్త ఊళ్ళో ఎక్కదు. కాబట్టి వాళ్ళు వేరుగా ఉంటుంటే కార్డు కూడా వేరు చేయించండి. ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో దరఖాస్తు. ఇది నెలలు పట్టే పని, జబ్బు చేసినప్పుడు మొదలుపెట్టే పని కాదు.

70 నిండితే వేరే లెక్క

కేంద్రం ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబర్ 23న మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి చికిత్స. మొదట్లో అది 2011 సామాజిక ఆర్థిక సర్వే ప్రకారం పేదలకే. 2024 సెప్టెంబర్ 11న కేబినెట్ ఓకే చేసి, అక్టోబర్ 29న 70 ఏళ్ళు నిండిన అందరికీ తెరిచారు, వయ వందన కార్డు అంటారు దాన్ని. ఆదాయం ఎంతైనా సరే, ఇల్లున్నా పొలమున్నా సరే, పిల్లలు ఎక్కడ ఏ ఉద్యోగం చేసినా సరే. వయసు ఒక్కటే అర్హత, ఆధార్ ఒక్కటే కాగితం.

ముందునుంచీ ఉన్న జబ్బులకి కూడా మొదటి రోజునుంచే వర్తిస్తది, ప్రైవేటు పాలసీలో లాగా రెండేళ్ళు మూడేళ్ళు ఆగక్కర్లేదు. కుటుంబానికి ఇదివరకే ఆయుష్మాన్ ఉంటే 70 దాటిన వాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు, దాన్ని ఇంట్లో చిన్నవాళ్ళతో పంచుకోనక్కర్లేదు. కానీ ఒకే ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ 70 దాటితే ఇద్దరికీ కలిపే ఆ 5 లక్షలు, తలా 5 అనుకుని లెక్క వేస్కోకండి.

సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్ళు ఏదో ఒకటే ఎంచుకోవాలి. నా మాట వినండి, వాటిని వదిలి ఇది తీసుకోకండి, ఇందులో నెలవారీ మందులు రావు. ఈఎస్‌ఐ గానీ ప్రైవేటు ఇన్సూరెన్స్ గానీ ఉన్నవాళ్ళు మాత్రం ఏదీ వదలకుండా ఇది కూడా తీసుకోవచ్చు.

కార్డు చేయించడం ఇలా. ఫోన్లో ఆయుష్మాన్ యాప్ వేస్కుని ఆధార్ నంబరు కొడితే మీరే చేస్కోవచ్చు, లేదా ఈ పథకంలో ఉన్న ఆస్పత్రిలో చేయించుకోవచ్చు. డబ్బులేం కట్టక్కర్లేదు, ఎవరైనా 200, 500 అడిగితే ఇవ్వకండి. ఆగేది ఎక్కడంటే, ఒకటి ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు. నాన్న ఎప్పుడో పదేళ్ళ కింద ఇచ్చిన నంబరు ఇప్పుడు పనిచెయ్యదు, ఓటీపీ రాదు. రెండు, వేలిముద్ర. జీవితమంతా పొలం పని చేసినవాళ్ళకి, బీడీలు చుట్టినవాళ్ళకి వేలిగీతలు అరిగిపోయుంటాయి, మెషిన్ తీసుకోదు. అప్పుడు కంటిపాపతో గానీ ముఖం ఫోటోతో గానీ చెయ్యమని అడగండి, ఆ దారులు ఉన్నాయి, అడగకపోతే రేపు రండి అని పంపించేస్తారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఆధార్లో పుట్టిన తేదీ. మన పెద్దవాళ్ళలో చాలామందికి పుట్టిన తేదీ ఎవరూ రాసి పెట్టలేదు, ఆధార్ తీసే రోజు ఆపరేటర్ మనిషిని చూసి ఒక వయసు వేశాడు, అంతే. 73 ఏళ్ళ మనిషి కార్డులో 67గా ఉంటే ఈ పథకం దృష్టిలో ఆయన 67 ఏళ్ళ మనిషే. పుట్టిన తేదీ మార్పుకి ఆధార్ వాళ్ళు మామూలుగా ఒక్కసారే అవకాశం ఇస్తారు, కాబట్టి సరైన ఆధారం చేతిలో పెట్టుకుని వెళ్ళండి, ఊరికే వెళ్ళి ఆ ఒక్క ఛాన్సు పాడుచేస్కోకండి.

ఇక 69కి 70కి మధ్య ఈ గీత ఉంది కాబట్టి, ఆగగలిగిన ఆపరేషన్లు ఆపుకునే వాళ్ళున్నారు. అది తప్పేం కాదు. అమెరికాలో 65 నిండితే మెడికేర్ అని ప్రభుత్వ ఇన్సూరెన్స్ వస్తది, అక్కడా సరిగ్గా 65 దగ్గరికొచ్చేసరికి మోకాళ్ళు, తుంటి మార్పిడి లాంటి ఆపరేషన్లు ఒక్కసారిగా పెరుగుతాయని 2008లో ఆర్థికవేత్తలు లెక్కలు తీసి చూపించారు. మనిషి ఎక్కడున్నా జేబు చూస్కునే కదా అడుగేసేది. కాబట్టి మోకాలి మార్పిడి, శుక్లం, నొప్పి లేని హెర్నియా లాంటివి డాక్టర్ పర్లేదంటే కొన్ని నెలలు ఆగొచ్చు. గుండెలో నొప్పి, ఎక్కడైనా గడ్డ, మూత్రంలో రక్తం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, ఇవి మాత్రం కార్డు కోసం ఒక్క వారం కూడా ఆపకండి. ఆలస్యమైన క్యాన్సర్‌కి ఏ 5 లక్షలూ చాలవు.

ఆస్పత్రి ముందే ఎంచి పెట్టుకోండి

నేను చేసిన తప్పు ఇదే కాబట్టి గట్టిగా చెప్తున్నా. కార్డు ఉండటం ఒక ఎత్తు, కార్డు పనిచేసే ఆస్పత్రి తెలియడం ఇంకో ఎత్తు. ఒక ఆస్పత్రి పథకంలో ఉన్నా అన్ని జబ్బులకీ ఉండదు, ఎముకలకి ఉండి గుండెకి లేకపోవచ్చు. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించి ఉంటాయి, అది రాష్ట్రాన్ని బట్టి మారుతది, మోకాలి మార్పిడికి ముందే అడగండి. పిల్లల దగ్గర వేరే రాష్ట్రంలో ఉంటుంటే ఆ రాష్ట్రంలో ఈ కార్డు ఎలా నడుస్తుందో కూడా కనుక్కోండి. ఫోన్ నంబర్లు రెండే, రాష్ట్ర పథకాలకి 104, ఆయుష్మాన్‌కి 14555. మీ ఇంటికి గంటలోపు దూరంలో గుండెకి ఒకటి, ఎముకలకి ఒకటి, పక్షవాతానికి ఒకటి, ఇలా మూడు ఆస్పత్రుల పేర్లు రాసుకోండి. వీలైతే ఒకసారి అటు వెళ్ళినప్పుడు లోపలికెళ్ళి ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో చూసి, ఈ జబ్బుకి ఈ కార్డు మీద చేర్చుకుంటున్నారా అని నోటితో అడిగి రండి, జాబితాలో పేరుండి చేర్చుకోని చోట్లు కూడా ఉంటాయి.

చేర్చేటప్పుడు మొదటి మాటే 'మాకు ఈ కార్డు ఉంది' అని చెప్పండి, బిల్లింగ్ కౌంటర్లో కాదు, ఆరోగ్యమిత్రకి. జనరల్ పేషెంట్‌గా రాయించి తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే మధ్యలో అయిన ఖర్చు మీ నెత్తినే పడుద్ది. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీద అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే పద్ధతి ఉంది, అనుమతి వచ్చేదాకా అడ్వాన్స్ కట్టాలి అంటే అప్పుడే 104కో 14555కో ఫోన్ కలిపి వాళ్ళ ముందే మాట్లాడండి. గొడవ పెట్టుకోవాలని కాదు, ఫోన్ కలిపితే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోద్ది. ఏదైనా డబ్బు కట్టాల్సి వస్తే రశీదు లేకుండా కట్టకండి. ఫలానా ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ భాగం) ఇంకా మంచిది, తేడా మీరు కట్టుకోండి అంటే, ప్యాకేజీలో ఇచ్చేది ఏంటి, దానికి దీనికి అమ్మకి పనికొచ్చే తేడా ఏంటి అని డాక్టర్‌నే అడగండి, కౌంటర్లో వాళ్ళని కాదు. గుండె స్టెంట్లకి 2017 ఫిబ్రవరి నుంచి, మోకాలి ఇంప్లాంట్లకి అదే ఏడాది ఆగస్టు నుంచి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది, పథకం లేకుండా సొంతంగా కట్టేవాళ్ళకి కూడా అది వర్తిస్తది.

డిశ్చార్జ్ రోజు అందరూ ఇంటికెళ్ళే తొందర్లో వదిలేసేది ఒకటుంది. ఆయుష్మాన్ ప్యాకేజీలో చేరకముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు, చెకప్ కలిసే ఉంటాయి. ఆరోగ్యశ్రీలో డిశ్చార్జ్ అయ్యేటప్పుడు 10 రోజుల మందులు ఇవ్వాలి, ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకి ఏడాదిపాటు ఫాలో అప్ మందులు కూడా ఉన్నాయి. అడగండి. అడిగిన వాళ్ళకి ఇస్తారు, చీటీ రాసి బయట కొనుక్కోండి అంటే ఆరోగ్యమిత్ర దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. అమ్మ డిశ్చార్జ్ రోజు నేను ఆ డెస్క్ దగ్గర ఇంకో గంట కూర్చున్నా, పది రోజుల మందులు చేతికొచ్చాయి.

నా లాగా ముందే డబ్బు కట్టేసినవాళ్ళు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ దాచిపెట్టి ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్తది. అంతా వస్తదని అనుకోకండి.

కార్డు భరించని ఖర్చు

దేశం మొత్తం మీద వైద్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4కి తగ్గింది. తగ్గడం నిజమే. కానీ మన పెద్దవాళ్ళ బీరువాలో ఉన్న మందుల కవరు చూడండి, అది తగ్గినట్టు కనిపించదు. ఆరోగ్యశ్రీ మొదటి విడత జిల్లాల మీద 2012లో వచ్చిన ఒక అధ్యయనం కూడా ఇదే చెప్పింది, ఆస్పత్రిలో చేరిన ఖర్చు బాగా తగ్గింది, చేరకుండా చూపించుకునే ఖర్చు మీద ప్రభావం తక్కువ. అసలు ఈ కార్డులన్నీ మంచమెక్కాక పనిచేసేవి. 65 ఏళ్ళ మనిషి మంచమెక్కేది ఎప్పుడో ఒకసారి, బీపీ బిళ్ళ వేస్కునేది రోజూ.

కాబట్టి మందుల మీద మొదటి దెబ్బ కొట్టండి. డాక్టర్ రాసిన చీటీ తీసుకుని ప్రతి మందు అసలు పేరు, బ్రాండ్ పేరు కాదు, రాయించుకోండి. దాన్ని పట్టుకుని జన్ ఔషధి షాపుకి వెళ్ళండి, దేశంలో 15,000 పైన ఉన్నాయి, జన్ ఔషధి సుగం అని యాప్ ఉంది, దగ్గర్లో ఎక్కడుందో చూపిస్తది. బయట ధరకంటే సగానికి సగం, కొన్ని 80 శాతం దాకా తక్కువకి వస్తాయి. మా నాన్నకి బీపీకి, షుగరుకి, కొలెస్ట్రాల్‌కి కలిపి నెలకి 2,100 అయ్యేది, ఇప్పుడు 600 లోపే. మార్చేటప్పుడు డాక్టర్‌కి చెప్పే మార్చాం, రెండు వారాలు బీపీ రోజూ చూశాం, ఏం తేడా రాలేదు. మూర్ఛ మందులు, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా కంపెనీ మార్చకండి.

దానికంటే తక్కువ, అంటే అసలు ఖర్చే లేనిది, పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. బీపీ, షుగరు బిళ్ళలు పీహెచ్‌సీలో, పల్లె దవాఖానాలో, బస్తీ దవాఖానాలో ఊరికే ఇస్తారు. నాసిరకం అని ఒక అపనమ్మకం ఉంది మనవాళ్ళకి, ఆ అపనమ్మకానికి నెలకి రెండు వేలు కడుతున్నాం. ఒకసారి పేరు రాయించుకుంటే ఆశా కార్యకర్తే ఇంటికొచ్చి అడుగుతది. పరీక్షలకి తెలంగాణలో డయాగ్నొస్టిక్స్ హబ్‌లు ఉన్నాయి, దవాఖానాలో రక్తం ఇస్తే రిపోర్టు ఫోన్‌కే వస్తది, ఆ పరీక్షలకి డబ్బు లేదు. జిల్లా ఆస్పత్రుల్లో వృద్ధుల వైద్య కార్యక్రమం 2010లో మొదలైంది, పెద్దవాళ్ళకి 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ దాని కిందకే వస్తాయి. నేను ఇంటికి మనిషిని పిలిపించి రోజుకి 400 ఇచ్చిన ఫిజియోని రెండో నెల నుంచి అక్కడే చేయించి ఉండాల్సింది, అమ్మ అప్పటికి కారెక్కగలిగేది.

కంటి శుక్లాలకి ప్రభుత్వ క్యాంపులున్నాయి, 1987లో హైదరాబాద్‌లో పెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి కట్టలేనివాళ్ళకి ఉచితంగా చేస్తది, ఊళ్ళలో వాళ్ళ విజన్ సెంటర్లు కూడా ఉన్నాయి. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి డయాలసిస్ పథకాల కింద వస్తది గానీ, వారానికి మూడుసార్లు ఆటో, తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలి డబ్బులు పోవడం, ఇంజెక్షన్లు, ఇదే ఇల్లుని తినేస్తది. ఆంధ్రాలో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద డయాలసిస్ వాళ్ళకి నెలకి 10,000, పూర్తిగా మంచం పట్టినవాళ్ళకి 15,000 పెన్షన్ ఉంది, వృద్ధాప్య పెన్షన్ 4,000. అర్హత ఉండి కూడా మామూలు 4,000 మీదే ఉన్నవాళ్ళు ఉంటే మెడికల్ సర్టిఫికెట్‌తో సచివాలయంలో అడగండి.

60 నుంచి 69 మధ్య, ఏ కార్డూ లేనివాళ్ళు

అందరికంటే ఇబ్బంది వీళ్ళదే. ప్రైవేటు స్కూల్లో చేసిన మాస్టారు, చిన్న కిరాణా షాపాయన, పెన్షన్ లేదు, రాష్ట్ర పథకానికి అర్హత లేదు, 70 రాలేదు. వీళ్ళకి ప్రైవేటు ఇన్సూరెన్స్ ఒక్కటే దారి, ఆలస్యం చేసేకొద్దీ ఖరీదు. 2024 ఏప్రిల్ నుంచి రూల్స్ కొంచెం మెరుగయ్యాయి, 65 దాటితే పాలసీ ఇవ్వం అనే నిబంధన తీసేశారు, పాత జబ్బులకి ఆగాల్సిన గరిష్ఠ కాలం 4 ఏళ్ళ నుంచి 3కి తగ్గింది. 2025 జనవరిలో సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థని అడగాలి అన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీ మీద 18 శాతం జీఎస్టీ పోయింది.

తీసుకునేటప్పుడు కో-పే ఎంతో చూడండి, 20 శాతం అని ఉంటే 3 లక్షల బిల్లులో 60,000 మీరే కట్టాలి. షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయండి, దాచి తీసుకున్న పాలసీ క్లెయిమ్ రోజు అక్కరకి రాదు. అసలు పాలసీ ఇవ్వకపోయినా, ప్రీమియం మోయలేకపోయినా, నెలకి అయినంత ఆ పేరు మీద బ్యాంకులో వెయ్యండి. పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) ఇన్‌కం టాక్స్ కట్టే పిల్లలకి తల్లిదండ్రుల ప్రీమియం మీద, పాలసీ లేని సీనియర్ సిటిజన్లయితే వాళ్ళ మందులు, వైద్యం ఖర్చు మీదే, 50,000 దాకా తగ్గింపు ఉంది. ఆ మందులు క్యాష్‌తో కొంటే లెక్కలోకి రాదు, యూపీఐతోనో కార్డుతోనో కొని బిల్లు దాచండి.

అమెరికాలో ఉన్న పిల్లల మాట ఒకటి. అమ్మానాన్నల్ని గ్రీన్ కార్డు మీద తీసుకెళ్ళినా 65 దాటగానే మెడికేర్ రాదు, అక్కడ పనిచెయ్యని వాళ్ళకి 5 ఏళ్ళు వరసగా ఉన్నాకే కొనుక్కునే అర్హత వస్తది, 2025లో అయితే పార్ట్ ఎ (ఆస్పత్రిలో చేరిన ఖర్చు) కి నెలకి 518 డాలర్లు, పార్ట్ బి (డాక్టర్, బయట వైద్యం) కి 185 డాలర్లు, ఒక్కొక్కరికి. అది లెక్క వేస్కున్నాకే టికెట్లు బుక్ చెయ్యండి, ఇక్కడి కార్డులు మాత్రం రద్దు కాకుండా చూస్కోండి.

మా ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది, పెద్ద అక్షరాలతో, నాన్నకి కళ్ళజోడు లేకుండా కనపడేట్టు. 108, 104, 14555, గుండెకి ఏ ఆస్పత్రి, ఎముకకి ఏ ఆస్పత్రి, పక్షవాతానికి ఏ ఆస్పత్రి. దాని పక్కనే ప్లాస్టిక్ కవర్లో ఇద్దరి ఆధార్లు, కార్డులు, మందుల చీటీ జిరాక్సులు. అదే కాగితం ఫోటో నా ఫోన్లో ఉంది, చెల్లి ఫోన్లో ఉంది, ఎదురింటి పిన్నిగారి అబ్బాయి ఫోన్లో కూడా ఉంది.